హీటరుకు సాష్టాంగం

చమురు ధరకు రెక్కలొచ్చి, దోహాలో పెద్ద విల్లా అన్నచోటల్లా ఒక ఈతకొలను మొలుస్తున్న రోజులవి. అల్ ఘర్రాఫాలో అలాంటి ఒక విల్లా పనులు చూసుకునే రాజేశం ఆ శుక్రవారం పొద్దున్నే లేచి, తల దువ్వుకుని, అద్దంలో తనకు తానే నమస్కారం పెట్టుకున్నాడు. ఈతకొలనుకు కొత్తగా బిగించిన గ్యాస్ హీటరును ఇవాళ తన చేత్తో వెలిగించబోతున్నాడు మరి! రాజేశం గ్యాస్ కొడతాడని కూలీల క్యాంపులో ఎప్పటినుంచో పేరుంది. గ్యాస్ ముట్టించడం మాత్రం ఇదే మొదలు.

అతన్ని ఆ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డులో ఉద్యోగం 'ఇంటి పనివాడు' అని ఉంది. జగిత్యాల పక్క పల్లెలో ఉన్న భార్య గంగామణికి మాత్రం తాను టెక్నీషియన్‌నని ఏనాడో చెప్పేశాడు. ఆ మాట నిజమయ్యే ఘడియ ఇన్నాళ్ళకు వచ్చింది. కంపెనీవాళ్ళను పిలవకుండా సాయంత్రానికి నీళ్ళు వేడెక్కిస్తే, కార్డులో 'టెక్నీషియన్' అని మార్పిస్తానన్నాడు యజమాని. యజమాని తల్లికి మోకాళ్ళు వంగవు. గోరువెచ్చని నీళ్ళలో నడిపించమన్నాడు డాక్టరు. లోకంలో పైకొచ్చేవాడికి ఎవరో ఒకరు మోకాలడ్డుతారు. రాజేశానికి మోకాళ్ళే మెట్లయ్యాయి.

హీటరు బిగించిన మెకానిక్ చెప్పినదంతా అతనికి కంఠతా వచ్చు. ముందు గ్యాస్ కట్టెయ్యాలి. కాసేపు ఆగాలి. ఈ గ్యాసు బరువైనది, కింద పేరుకుంటుంది కాబట్టి నేలదాకా వంగి వాసన చూడాలి. వాసన లేకపోతేనే ముట్టించాలి. ఉంటే స్విచ్చు కూడా తాకకుండా బయటికి నడవాలి.

అంతా సవ్యంగా జరిగేదే, క్యాంపు నుంచి తన ఊరివాడైన బుచ్చన్న కొబ్బరికాయతో దిగకపోతే.

"కొత్త మిషను పూజ లేకుంట చాలు చేస్తవారా? బోరు మోటరుకు సుత కాయ కొట్టినోళ్ళం మనం!"

"కొట్టు, ఎవలద్దన్నరు? బొట్టు పెట్టు. కర్పూరం మాత్రం జేబుల్నే ఉంచు."

"హారతి లేని పూజ ఏం పూజ?"

"గ్యాస్ కాడ హారతిస్తె మనమే హారతి కర్పూరమైతమే, బుచ్చన్నా!"

బుచ్చన్న మూతి ముడిచి కాయ కొట్టాడు. ఆ అదురుకు డబ్బా దొర్లి, కుంకుమ కొబ్బరినీళ్ళలో కలిసి, నేలంతా ఎర్రబారింది. "హారతొద్దంటివి. సాష్టాంగమన్న పెట్టు," అన్నాడు.

రాజేశానికి ఈ మాట నచ్చింది. ఎలాగూ నేలకు ముక్కానించాల్సిందే. ఒక్క పడకతో దండమూ దర్యాప్తూ రెండూ అవుతాయి. గ్యాస్ కట్టేసి, కాసేపు ఆగి, హీటరు ముందు బోర్లా పడుకుని, గుండెల నిండా గాలి పీల్చడం మొదలుపెట్టాడు. బుచ్చన్న భక్తిగా చేతులు జోడించాడు.

సరిగ్గా అప్పుడే ఉతికిన బట్టలతో అటు వచ్చింది పిల్లల్ని చూసుకునే ఫిలిప్పీన్స్ ఆయా. మనిషి బోర్లా పడి ఉన్నాడు. తల దగ్గర ఎర్రటి మడుగు. పక్కన ఒకడు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నాడు. "ఏమైంది?" అని ఇంగ్లీషులో అరిచింది. బుచ్చన్న తనకొచ్చిన ఇంగ్లీషంతా ఒక్క మాటలో ఖర్చుపెట్టాడు.

"గ్యాస్!"

బట్టలు ఒకవైపు, ఆయా ఒకవైపు. "గ్యాస్! గ్యాస్! మనిషి చచ్చిపోయాడు!" అన్న కేకకు ఇల్లంతా వీధిలోకి ఒలికింది. కరీంనగర్ డ్రైవరు ఫరీదుద్దీన్ ఒక్కడే లోపలికి ఉరికి, రాజేశం కాళ్ళు పట్టి లాగాడు.

"అరె యార్! జిందా ఉన్నవా?"

"ఉన్న! కాళ్ళు ఇడువు ఫరీద్ భాయ్, ముక్కు డ్యూటీల ఉన్నది!"

"జిందా ఉంటె లేవవేంది భయ్?"

"లేస్తె వాసన తెల్వది, దండం సగంల తెగుతది!"

అల్ వక్రా నుంచి తిరిగొస్తున్న యజమాని వీధి మలుపులోనే కారు ఆపేశాడు. ఎదురుగా, అబాయా ఎత్తిపట్టుకుని, అందరికంటే ముందు పరుగెత్తుకొస్తోంది తల్లి. ఆమె చేతికర్ర పట్టుకుని వెనక ఆయా రొప్పుతోంది.

"యుమ్మా! నువ్వు పరుగెత్తుతున్నావా?"

"ముందు కారు తిప్పు, తర్వాత ఆశ్చర్యపడు!" అంది ఆమె.

ఇదంతా ఎవరివల్ల అని యజమాని అడిగితే, వేళ్ళన్నీ రాజేశం వైపు తిరిగాయి. ఫరీదుద్దీన్ వెంట వీధిలోకి వచ్చి, నుదుటినిండా కుంకుమతో నిలబడ్డ రాజేశానికి టెక్నీషియన్ ఉద్యోగం దేవుడెరుగు, ఇంటి పనివాడి ఉద్యోగం కూడా విమానం ఎక్కుతున్నట్టు తోచింది. అయినా తల వంచలేదు. 'లేదు' అనడానికి తనకొచ్చిన అరబ్బీ ముక్క 'మాఫీ'ని నమ్ముకుని యజమానితో అన్నాడు.

"మాఫీ గ్యాస్, అర్బాబ్! ముక్కు నేలకు పెట్టి చూసిన. స్మెల్ మాఫీ!"

యజమాని వినడం లేదు. తల్లి చుట్టూ తిరిగి మోకాళ్ళు చూస్తున్నాడు. చివరికి, "యల్లా, ముట్టించు," అన్నాడు.

రాజేశం అందర్నీ దూరంగా నిలబెట్టాడు. మళ్ళీ నేల వాసన చూశాడు. పక్కకు ఒదిగి, గ్యాస్ తెరిచి, మీట నొక్కాడు. నీలిమంట బుద్ధిగా లేచింది. సాయంత్రానికి నీళ్ళు గోరువెచ్చనయ్యాయి. పెద్దావిడ మాత్రం ఆ నీళ్ళకేసి చూడనైనా చూడకుండా సూక్ వాఖిఫ్ బజారంతా తన కాళ్ళమీదే తిరగడానికి వెళ్ళింది.

"డాక్టర్ల వల్ల కానిది మా టెక్నీషియన్ చేశాడు," అని వచ్చినవాళ్ళకల్లా చెప్పాడు యజమాని. మర్నాడే కార్డు మార్పుకు మనిషిని పంపాడు.

రాజేశం ఛాతీ చొక్కాలో పట్టక, ఊరికి ఫోను కలిపాడు.

"గంగామణీ! టెక్నీషియన్నైన!"

"గిప్పుడైనవా? మరి ఇన్నేండ్ల సంది ఏముంటివి?"

ప్రమాదం వాసన పసిగట్టిన రాజేశం, మెకానిక్ నేర్పినట్టే, ఏ స్విచ్చూ తాకకుండా బయటికి నడిచాడు.