పెరట్లో కాయని మామిడి ఉన్నవాడే అదృష్టవంతుడు

పెరట్లో కాయని మామిడి చెట్టు ఉన్నవాడంత అదృష్టవంతుడు ఈ ఇస్మాయిలియా ఊళ్ళో ఇంకొకడు లేడు! నవ్వకండి. మూడేళ్ళు ఆ అదృష్టం అనుభవించినవాణ్ణి, అనుభవం మీద చెబుతున్నాను.

కాసే చెట్టున్నవాళ్ళ బతుకు ఎప్పుడైనా చూశారా? ఆగస్టు వచ్చిందంటే వాళ్ళకి ప్రశాంతత ఉండదు. ఏడాదంతా ఫోను ఎత్తని చుట్టం "మీరెలా ఉన్నారోనని బెంగ పట్టుకుంది" అంటూ కైరో నుంచి దిగుతాడు, చేతిలో ఖాళీ బుట్టతో! ఆ బెంగ ఎవరి మీదో బుట్టని చూస్తే తెలియదూ? పక్కింటివాళ్ళు గోడ మీంచి పలకరిస్తారు. ఈగలు సకుటుంబంగా పలకరిస్తాయి. మధ్యాహ్నం కాస్త నడుం వాలుద్దామంటే పండు ఊడి రేకుల మీద ధబ్బున పడుతుంది. ఫ్రిజ్ తెరిస్తే మామిడి, గిన్నె మూత తీస్తే మామిడి, మంచం కింద గడ్డిలో మామిడి. మంచినీళ్ళ సీసా పెట్టుకోవడానికి చోటుండదు, చొక్కాకి సొన మరక లేని రోజుండదు.

మరి నా సంగతి? చుట్టాలు రారు. ఈగలు కూడా రావు! నిండుగా ఆకులు, చల్లటి నీడ, దాని కింద నా కుర్చీ. ఏమయ్యా అని అడిగే నాథుడు లేడు. ప్రభుత్వం పెన్షనుతో పాటు మనిషికొక కాయని చెట్టు ఇచ్చి పంపిస్తే దేశం ఎంత బాగుపడుతుందో కదా!

నా పేరు వగ్దీ. నీటిపారుదల ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. ఏ కాలవకి ఏ రోజు నీళ్ళు వదలాలి, ఏ రోజు కట్టెయ్యాలి అని కాగితం రాసి పంపేవాణ్ణి. ఈ ముక్క మీరు వెంటనే మరిచిపోతే నాకు చాలా మేలు చేసినవాళ్ళవుతారు.

మా చెట్టు ఒవైస్ రకం. పండు చిన్నది, పీచు ఉండదు, ఒకటి కోస్తే వీధి చివరిదాకా వాసన. మేం ఈ ఇంటికి వచ్చిన ఏడాది మా ఆవిడ ఇన్‌షిరాహ్ తన చేతులతో నాటింది. కాపు మొదలెట్టాక ఇరవై రెండేళ్ళు ఆగకుండా కాసింది. ఆఫీసుకి పోతూ రోజూ దాని పక్కనుంచే నడిచేవాణ్ణి, ఒక్కసారి తలెత్తి చూసిన పాపాన పోలేదు. ఆగస్టులో పళ్ళెంలోకి పళ్ళొచ్చేవి, తినేవాణ్ణి. సరిగ్గా నేను రిటైరైన ఏడాది నుంచి కాయడం మానేసింది. ఎంత మర్యాదో చూడండి! ఇంట్లో ఒకడు పని మానేశాడు కదా అని తోడుగా తనూ మానేసింది.

నేనైతే ఊరుకోలేదు. ఫోనులో "పెరటి చెట్ల మిత్రులు" అని ఒక వాట్సాప్ గ్రూపుంది, అందులో చేరాను. అక్కడున్న మూడొందల మందిలో చెట్టున్నవాళ్ళు ఎందరో తెలీదు గానీ, సలహా లేనివాడు ఒక్కడూ లేడు! మానుకి మేకులు కొట్టమన్నాడొకడు. చుట్టూ ఉప్పు చల్లమన్నాడు ఇంకొకడు. ఇదంతా దిష్టి, పాత చెప్పు కట్టమంది ఒకావిడ. నా ఆఫీసు చెప్పు తీసి కొమ్మకి వేలాడదీశాను. ఆకులు మరింత ఏపుగా వచ్చాయి. గ్రూపులో ఫొటో పెడితే అరవై మంది చప్పట్లు కొట్టారు, చెప్పు బాగుందని.

ఇంకా ఏమేం చేశాననుకుంటున్నారు? పొద్దున్నే తడిగుడ్డతో అందినంతవరకూ ఆకులు తుడిచేవాణ్ణి. పాదు తవ్వేవాణ్ణి, తవ్వింది పూడ్చేవాణ్ణి. దానికి పేపరు చదివి వినిపించేవాణ్ణి. రిటైరయ్యాక దేవుడి మీద ధ్యాస కూడా పెరిగింది లెండి. ఆఫీసు రోజుల్లో ఐదు నమాజుల్లో రెండు ఎగ్గొట్టిన మనిషిని, ఇప్పుడు ఐదూ చదువుతున్నాను. నమాజుకి ముందు వజూ చేసుకోవడం కూడా ఆ చెట్టు కిందున్న కుళాయి దగ్గరే. ముఖం, చేతులు, కాళ్ళు తీరిగ్గా కడుక్కుంటూ దానితో నాలుగు మాటలు చెప్పుకునేవాణ్ణి. దాన్ని ఒక్కపూట ఒంటరిగా వదలలేదంటే నమ్మండి!

మా ఆవిడ మాత్రం ఈ అదృష్టాన్ని అర్థం చేసుకోలేదు. వాళ్ళు ముగ్గురు అక్కచెల్లెళ్ళు. ఆగస్టులో ఆఖరి శుక్రవారం పెద్దావిడ తౌహీదా ఇంట్లో కలుస్తారు. ఎవరి చెట్టు పళ్ళు వాళ్ళు తెచ్చి, వరండాలో చాప పరిచి, మోచేతుల దాకా రసం కారుతుండగా తింటారు. ఎవరి పళ్ళు తియ్యగా ఉన్నాయో తేల్చుకునేదాకా లేవరు. ఇన్‌షిరాహ్ ఇరవై రెండేళ్ళు అక్కడ మహారాణిలా కూర్చుంది. తర్వాత రెండేళ్ళు నిమ్మకాయ ఊరగాయ సీసా పట్టుకెళ్ళింది.

రెండో ఏడు ఆ బాధ చూడలేక నేనొక తెలివైన పని చేశాను. బజారుకెళ్ళి ఒక బుట్టెడు సుక్కరి రకం మామిడి పళ్ళు తెచ్చి, "పైకొమ్మలో దాక్కున్నాయే, ఇప్పుడే చూశాను" అని చాప మీద పెట్టాను. మామిడి ఊళ్ళో పుట్టి పెరిగిన ఆడవాళ్ళని మామిడి పండుతో మోసం చెయ్యబోయినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. మా మరదలు నజీరా ఒక పండు కొరికి, పళ్ళ సందునుంచి ఒక పీచు లాగి, వెలుతురులో పట్టుకుని చూసింది.

"బావగారూ, ఒవైస్‌కి పీచెప్పుడు మొలిచింది? మీ చెట్టు ఇంటిపేరు మార్చుకుందా ఏంటి?"

అందరూ పడీపడీ నవ్వారు. ఇన్‌షిరాహ్ నవ్వలేదు. మూడో ఏడు ఊరగాయ సీసా కూడా తీసుకెళ్ళలేదు, తలనొప్పని చెప్పి ఇంట్లోనే పడుకుంది. ఆ డిసెంబరులో ఒకరోజు తేల్చి చెప్పింది.

"కొట్టించెయ్యండి దాన్ని. ఇంక నా వల్ల కాదు."

పరుగెత్తుకెళ్ళి జనాతీ బాబాయ్‌ని తీసుకొచ్చాను. ఊరవతల తోటల్లో యాభై ఏళ్ళు పనిచేసిన మనిషి. ఆయన చెట్టు చుట్టూ తిరిగి చూసి, "ముందు దీన్ని భయపెట్టి చూద్దాం" అన్నాడు. మా వైపు ఇది తాతల నాటి పద్ధతి. మొండికేసిన చెట్టు ముందు ఒకరు గొడ్డలి ఎత్తి నరికేస్తానని అరవాలి. రెండోవారు అడ్డం పడి, ఈ ఒక్క ఏడాదికి వదిలెయ్, దీనికి నేను హామీ అని బతిమాలాలి. చెట్టు విని, సిగ్గుపడి, మరుసటేడు కాస్తుంది. అరవడం నా వంతు, బతిమాలడం ఇన్‌షిరాహ్ వంతు అనుకున్నాం.

నేను చొక్కా చేతులు మడిచి, గొడ్డలెత్తి, ఆఫీసులో పై అధికారి మీద ఎన్నడూ అరవలేనంత గట్టిగా అరిచాను. "కాయని చెట్టు నాకెందుకు? తిని కూర్చోడానికా నిన్ను పెంచింది? ఇవాళ నిన్ను నరికి పోగులు పెడతాను!"

గోడ అవతల పక్కింటివాళ్ళ కిటికీ తెరుచుకుంది. ఇన్‌షిరాహ్ చెట్టు వైపు చూసింది, నా వైపు చూసింది.

"నరకండి" అంది.

గొడ్డలి అలాగే గాల్లో ఉంచి, చెట్టుకి వినబడకుండా గుసగుసగా అన్నాను. "నువ్వనాల్సింది అది కాదే!"

"నేననేది అదే. చెట్టు లేనిదాన్ని ఎవరూ ఏమీ అడగరండీ. చెట్టుండీ కాయనిదాన్నే అందరూ అడుగుతారు. మూడేళ్ళుగా తోబుట్టువుల ముందు తలెత్తుకోలేకపోతున్నాను. నరకండి, కనీసం బట్టలారేసుకోడానికి ఎండైనా వస్తుంది."

ఆవిడ నాటకమాడడం లేదు. అయ్యలారా, గొడ్డలెత్తినవాడే అడ్డం పడి బతిమాలుకోవడం మా వీధి చరిత్రలో అదే మొదటిసారి!

"వద్దే ఇన్‌షిరాహ్! ఈ ఒక్క ఏడాదికి వదిలెయ్. దీనికి నేను హామీ."

"మీరా? మీకెవరు హామీ?"

జనాతీ బాబాయ్ ఈ గొడవేమీ వినడం లేదు. వంగి తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు. "ఈమధ్య మీ వీధిలో వాన పడిందా నాయనా?"

"లేదు బాబాయ్."

"మరి ఈ బురదేంటి?"

ఏమోనన్నాను. అదే సమయానికి సాయంత్రం అజాన్ వినిపించింది. అలవాటు కదా! గొడ్డలి చెట్టుకి ఆనించి, కుళాయి తిప్పి, కూర్చుని వజూ మొదలెట్టాను. చేతులు మూడుసార్లు, ముఖం మూడుసార్లు, కాళ్ళు సావకాశంగా. నీళ్ళు జలజలా పాదులోకి పోతున్నాయి. లేచి చూస్తే ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని నన్నే చూస్తున్నారు.

"రోజుకి ఎన్నిసార్లు?" అన్నాడు జనాతీ బాబాయ్.

"ఐదు. చేసుకున్నానో లేదో అనుమానమొస్తే ఆరో ఏడో."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రిటైరైనప్పటి నుంచి."

ముసలాయన నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "చలికాలం మామిడికి ఉపవాసం నాయనా! చుక్క నీరు తగలకూడదు. దాహమేసి, చచ్చిపోతానేమోనని బెదిరితేనే పూత వేస్తుంది. నువ్వేమో రోజుకి ఐదుసార్లు దాని ఉపవాసం చెడగొడుతున్నావు. ఇంక దానికేం తక్కువ? ఆకులేసుకుని హాయిగా కూర్చుంది. ఇంతకీ నువ్వు ఏ ఆఫీసులో చేశావన్నావు?"

నేను చొక్కా చేతులు దించుకోవడంలో పడ్డాను. గోడ అవతలి నుంచి పక్కింటాయన చెప్పాడు.

ఇన్‌షిరాహ్ గొడ్డలి చేతిలోకి తీసుకుంది. అది నా కోసమే అనుకున్నాను. గోడకి ఆనించి, చెట్టు మొదట్లో చతికిలబడి ఏడ్చింది. "మూడేళ్ళు దీన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, దీని తప్పేమీ లేదు" అంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తర్వాత లేచి కళ్ళు తుడుచుకుని, కుళాయి పిడి ఊడదీసి జేబులో వేసుకుంది.

మూడు నెలలు నాకు పెరటి బహిష్కారం! వజూ వీధి చివర మసీదులో. ఆకులు తుడవకూడదు, పాదు తవ్వకూడదు, కిటికీలోంచి చూడొచ్చు. జనవరిలో ఆకుల కళ తగ్గింది. నా నోరెండిపోయింది. ఒకరోజు సగం తాగిన టీ గ్లాసు పట్టుకుని అలా తలుపు దాకా వెళ్ళానో లేదో, వంటింట్లోంచి కేక. "టీ కూడా నీళ్ళేనండీ!" వెనక్కొచ్చి కూర్చున్నాను. జీవితంలో ఎన్నడూ అంత కష్టపడలేదు. ఆఫీసులో ఏమీ చెయ్యకుండా కూర్చోవడం వేరు, ఇంట్లో ఏమీ చెయ్యనివ్వకపోతే కూర్చోవడం వేరు!

మార్చిలో పూత వచ్చింది. మామూలుగా కాదు, ఆకు కనబడనంతగా వచ్చింది. ఇన్‌షిరాహ్ వీధిలోకి పరిగెత్తి, దారిన పోయేవాళ్ళని కూడా లోపలికి పిలిచి చూపించింది. ఏప్రిల్లో ఇసుకగాలి మూడు రోజులు కొట్టింది. చెట్టుని పట్టుకుని నిలబడదామని లేచాను. "కూర్చోండి" అంది. కూర్చున్నాను. పిందె నిలిచాక, జనాతీ బాబాయ్ చెప్పిన రోజుల్లో తనే నీళ్ళు పెట్టింది, పిడి మాత్రం నా చేతికి ఇవ్వలేదు.

మొన్న ఆగస్టు ఆఖరి శుక్రవారం తౌహీదా ఇంట్లో చాప మీద మా ఒవైస్ పళ్ళు రెండు బుట్టలు. నజీరా ఒకటి తిని, కళ్ళు మూసుకుని, రెండోది తీసుకుంది. "అక్కా, చచ్చిందనుకున్న చెట్టుకి ఏం చేశావే?"

"నేనేం చెయ్యలేదే. ఈయన్ని చెయ్యనివ్వలేదు, అంతే."

వరండా దద్దరిల్లేలా నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

ఇంక దాచి లాభం లేదు, అసలు నా ఏడుపేమిటో చెప్పేస్తాను. కాయని చెట్టు అదృష్టమని ఇంతసేపు వాదించింది దానిమీద ప్రేమతో కాదు. ఆ మూడేళ్ళూ దానికి నేను అవసరమనుకున్నాను. ఈ చెట్టుకి నేను తప్ప దిక్కులేదనుకున్నాను. తీరా చూస్తే, నేను కన్నెత్తి చూడని ఇరవై రెండేళ్ళు కాసింది, నేను దగ్గరికి పోని ఏడాది మళ్ళీ కాసింది. ముప్పై నాలుగేళ్ళు నీళ్ళు వదలమనీ కట్టెయ్యమనీ చెప్పినవాడికి, తను ఎక్కడ ఆగాలో ఒక్కరూ చెప్పలేదు. రిటైరైనవాడికి పూలదండ వేస్తారు, గడియారం ఇస్తారు. మర్నాడు పొద్దున్న ఏం చెయ్యాలో ఎవరైనా చెబుతారా?

ఇంటికి నడిచొస్తూ, ఖాళీ బుట్టలు రెండూ నేనే మోస్తూ, ఇన్‌షిరాహ్‌ని అడిగాను. "ఇంతకీ ఈ కాపులో నేను చేసిందేమీ లేదంటావా?"

ఆవిడ నడక ఆపింది. "ఎందుకు లేదు? మూడు నెలలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. మీకది ఎంత కష్టమైందో నేను చూడలేదనుకున్నారా?"

బుట్టలు రెండూ ఒక చేతిలోకి మార్చుకుని, వీధిలో ఎవరేమనుకుంటే నాకేమని, ఆవిడ చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిచాను.