ఘాటీ ఎక్కిన కొలిమి పంకా

ఆ శనివారం ఉదయం కృపానిధి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండెక్కకముందే విజయనగరంలో బయల్దేరాలి, సాలూరులో టీ తాగాలి, ఘాటీ రోడ్డున కొండ ఎక్కి మధ్యాహ్నం భోజనం వేళకి కొరాపుట్టు చేరాలి. అక్కడ అత్తగారు దేవమణి తమ్ముడు కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు. సాయంత్రం ఆ ఇంట్లో ప్రార్థన కూటం. ఆవిణ్ణి మహారాణిలా గుమ్మం ముందు కారు దింపాలి. ఇందులో చిక్కల్లా ఒక్కటే, ఆ కారు కృపానిధిది.

ఎవరో తెల్లదొర వాడి వదిలేసిన విలాయతీ బండి అది. పల్లంలో బాగానే పరిగెత్తేది గానీ, ఎత్తు కనబడితే ప్రాణం విడిచేది. కిందటేడు ఇదే ఘాటీ మీద ఆగిపోతే దేవమణి దిగి, తెల్లటి పొందూరు ఖద్దరు చీర బొడ్లో దోపుకుని కారు తోసింది. వెనక లారీవాళ్ళు ఈలలు వేశారు. జీవితమంతా మిషను బడిలో పిల్లలకి బెత్తం చూపించిన మనిషి ఆవిడ. ఆ ఈలలు ఆవిడ మరిచిపోయినా కూతురు సత్యవతి మరిచిపోలేదు.

"ఈసారి మా అమ్మ దిగకండా బండి ఘాటీ ఎక్కిందా, మనకే ఉంటాది. మా అమ్మ కాలు కింద పెట్టిందా, సాలూరు జగన్నాధానికి ఇచ్చీడమే," అని మొగుడికి తేల్చి చెప్పింది. జగన్నాధం చెరకు తోటలున్న ఆసామి. ఆయనకి కారు మీద మోజేమీ లేదు. ఇంజను పీకి నూతి మీద పెట్టి నీళ్ళు తోడిద్దామని ఆశ.

ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా కృపానిధి గుండెల్లో రాయి పడేది. పరాయివాళ్ళ కార్లు తోలుతూ, "ఒరే డ్రైవరూ" అనిపించుకుంటూ సగం వయసు గడిపినవాడు. ఈ డొక్కు కారు కొని సొంత టాక్సీగా తిప్పడం మొదలెట్టాకే నలుగురూ "కృపానిధి గారూ" అంటున్నారు. కారు పోతే ఆ 'గారు' కూడా దాని వెనకాలే పోతుందని అతని భయం.

అందుకే స్నేహితుడు నరసింగరావు మాట విన్నాడు. నరసింగరావు లారీ షెడ్డులో గుమస్తా. చిత్తుకాగితాల్లో దొరికే ఇంగ్లీషు మోటారు పత్రికల్లో బొమ్మలు చూసి మిగతాది సొంతంగా ఊహించుకునే రకం.

"సూపర్‌చార్జరని ఒకటున్నాదిరా కృపా. రేసు కార్లకి పెడతారు. నీ ఇంజను దాని ఓపిక్కొద్దీ గాలి పీల్సుకుంటన్నాది. అలక్కాకండా మనమే బలవంతంగా గాలి కొట్టేమనుకో, ఎక్కువ పెట్రోలు మండుతాది, ఎక్కువ బలం వస్తాది. కొలిమిలో బొగ్గు సూళ్ళేదేటి?"

"అది విలాయత్ నుంచి రావాల కాదేటి?"

"కొలిమి మన వీధిలోనే ఉంటే విలాయతీ ఎందుకురా?"

మూతబడిన కొలిమిలోంచి, పిడి తిప్పితే బుస్సున గాలి కొట్టే ఇనప పంకా అలా వచ్చి కారు ముందు సీటు దగ్గర కూర్చుంది. దాని మూతికి తగిలించిన రబ్బరు గొట్టం డాష్‌బోర్డు కింద బెజ్జంలోంచి బానెట్లోకి దూరింది. అక్కడ ఇంజను మీదున్న, దుమ్ము వడకట్టే గాలి డబ్బా పీకేసి, కార్బురేటరు నోటికి గొట్టం ఆనించి సైకిలు ట్యూబు ముక్కతో బిగించారు. ఇంజనే పంకాని తిప్పేలా బెల్టు కూడా వేశారు గానీ అది నిలవలేదు. "బెల్టెందుకురా, నాను లేనా?" అన్నాడు నరసింగరావు. దాంతో ఖర్చు ఇంకా కలిసొచ్చింది.

ఇదంతా సత్యవతికి తెలియకుండా జరిగింది. కారుకి ఇంకొక్క మేకు కొట్టినా అప్పుడే అమ్మేస్తానని ఆవిడ అదివరకే బెదిరించి ఉంది. తీరా బయల్దేరే వేళకి, ముందురోజు రాత్రే నౌపడ నుంచి వచ్చిన దేవమణి కారులో తొంగి చూసింది.

"ఇదేటి బాబూ?"

పక్కనే భార్య. కృపానిధి నోటికి తోచింది అనేశాడు. "పంకా, అత్తయ్యా. మీకు ఉక్క పోస్తాదని..."

దేవమణి కళ్ళు చెమర్చాయి. నౌపడ ఉప్పుమళ్ళ పక్కన ఒంటరిగా, ఉక్కలో ఉడికిపోతూ బతుకుతోంది ఆవిడ. తనకోసం ఒకరు విసనకర్ర పట్టిన రోజు కూడా ఆవిడకి గుర్తు లేదు. పక్కింటి తాయారుని కేకేసి పిలిచి మరీ చూపించింది. "సూడమ్మా, మా అల్లుడు! కొడుకైతే పెడతాడేటి ఇలగ?"

గజపతినగరం దాటకముందే వెనక సీట్లోంచి ప్రశ్న వచ్చింది. "గాలి రాదేటి బాబూ?"

"ఇప్పుడే తిప్పకూడదత్తయ్యా. ఘాటీ మీద తిప్పితే సల్లగాలి వస్తాది."

పిడి దగ్గర కూర్చున్న నరసింగరావు కిటికీలోంచి పొలాలు చూడసాగాడు. సత్యవతి మాత్రం మొగుడి మెడ వెనక కారుతున్న చెమట చూస్తోంది.

సాలూరులో టీ కొట్టు దగ్గర జగన్నాధం ఎదురుచూస్తున్నాడు. "కొనబోయే బండి కొండ మీద ఎలగ సస్తాదో సూడాల కదా," అంటూ పిలవకుండానే వెనక సీట్లోకి ఎక్కాడు. చెరకు రసం మీద పెరిగిన ఒళ్ళు. కారు ఆ పక్కకి ఒరిగింది. కృపానిధికి టీ సహించలేదు.

ఘాటీ మొదట్లో దేవమణి కారు ఆపించి ప్రార్థన చేసింది. జగన్నాధం కూడా చేతులు జోడించి పైడితల్లమ్మకి మొక్కుకున్నాడు. కోరికలే వేరు.

మొదటి మలుపు సాఫీగానే గడిచింది. రెండోదాని దగ్గర కారు మూలగడం మొదలెట్టింది. "తిప్పరా!" అన్నాడు కృపానిధి. నరసింగరావు పిడి పట్టుకుని తిప్పాడు. కారు దగ్గింది. ఇంకా జోరుగా తిప్పాడు. వెనకనుంచి నల్లటి పొగ లేచింది. కృపానిధి ఆక్సిలరేటరు నేలకి తొక్కిపెట్టాడు, పొగ ఇంకా చిక్కబడింది. ఎడమపక్క లోయ. వెనక లారీ హారను. కావిడి మోసుకుంటూ నడిచిపోతున్న మనిషొకడు కారుని దాటి ముందుకెళ్ళి, జాలిగా వెనక్కి చూశాడు.

"సెయ్యి పడిపోతన్నాదిరా," అన్నాడు నరసింగరావు.

"పడిపోనీ, తిప్పు!"

"అమ్మగారూ, సెప్పులు తొడుక్కోండి," అన్నాడు జగన్నాధం పెద్దమనిషి తరహాగా.

దేవమణి తలుపు పిడి మీద చెయ్యి వేసింది. "నా బరువొకటి ఎందుకు బాబూ? దిగిపోతాను, ఆపు."

"వద్దత్తయ్యా! మీ కాళ్ళకి దండం పెడతాను, దిగొద్దు!"

ఆ అరుపులో ఉన్న ప్రాణభయం దేవమణికి ప్రేమలా వినిపించింది. సత్యవతి తల వంచుకుంది. ఎంత గట్టిగా షరతు పెట్టిన మనిషైనా, మొగుడి గొంతు అలా వణికితే వినలేకపోయింది.

"సరే, దిగను. ఆ గాలైనా ఇలగ తిప్పండి మరి. ఇంజనుకేటి, ఉక్కా?" అంటూ దేవమణి ముందు సీటు మీంచి వంగి, డాష్‌బోర్డు కింద గొట్టం పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. బడిపిల్లల చెవులు మెలేసిన చెయ్యి అది. సైకిలు ట్యూబు కట్టు తెగి, గొట్టం బానెట్లోంచి జర్రున ఊడి ఆవిడ చేతిలోకి వచ్చేసింది.

అయిపోయిందనుకున్నాడు కృపానిధి. కాలు దానంతటదే బ్రేకు వైపు పోయింది. కానీ బ్రేకుతో పని పడలేదు. కారు ఒక్కసారి విదిలించుకుని ముందుకి ఉరికింది. పొగ ఆగింది. కావిడి మనిషి కంగారుగా పక్కకి తప్పుకున్నాడు.

నరసింగరావు భయంతో పిడి తిప్పుతూనే ఉన్నాడు. పంకాలోంచి రాలి గొట్టంలో పేరుకున్న కొలిమి మసంతా మొదటి విసురుకే జగన్నాధం మొహాన పడింది. రెండో విసురు నుంచీ దేవమణికి చల్లగాలి.

కృపానిధికి అప్పుడు తలకెక్కింది. తీసి పారేసిన ఆ గాలి డబ్బాలో దొర కాలం నాటి దుమ్మంతా అట్టకట్టుకుని ఉంది. ఇంజను ఇన్నేళ్ళూ బలం లేక కాదు, ఊపిరాడక చచ్చింది. ఆ డబ్బా పీకిన పుణ్యాన కాస్త ఊపిరి పీల్చుకుందామనుకునేలోపు, వీళ్ళు దాని నోట్లో గొట్టం కుక్కారు. అత్తగారు ఆ గొట్టం లాగేసింది గనక బతికింది.

"గొట్టం మళ్ళీ తగిలించమంటావేట్రా?" నరసింగరావు గుసగుసగా అడిగాడు.

"ముట్టుకున్నావంటే లోయలోకి తోసెస్తాను. పంకా తిప్పు."

పొట్టంగి దగ్గర ఘాటీ అయిపోయింది. దేవమణి పాదం నేలకి తగల్లేదు. జగన్నాధం మసి తుడుచుకుంటూ దిగి, "ఇంజను మా గట్టిది తమ్ముడూ. ఏటడిగితే అదిస్తాను," అన్నాడు. "మా బండి అమ్మం," అంది సత్యవతి. కృపానిధి గబగబా బానెట్ ఎత్తి దాని చాటున కళ్ళు తుడుచుకున్నాడు.

సత్యవతి పక్కకి వచ్చి నిలబడింది. "పంకా అయితే గొట్టం ఇంజన్లోకి ఎందుకెల్లిందో నాకు తెల్దనుకున్నారేటి?"

"మరి సెప్పలేదేటి?"

"పొద్దున్న మా అమ్మ మొకం సూసేను. అంత సంతోషం ఎన్నడూ సూళ్ళేదు."

ఆ సాయంత్రం కొత్త ఇంట్లో ప్రార్థన ముగిశాక, దేవుడు తమకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవవచ్చన్నారు పాస్టరు గారు. దేవమణి లేచింది. ఎండలో ఉడికే ముసలిదానికి అల్లుడి చేత పంకా పెట్టించిన దేవుణ్ణి స్తుతించింది. తనని కిందికి దిగనివ్వకుండా అల్లుడు కాళ్ళకి దండం పెడతానన్న సంగతి చెప్పి ఏడ్చింది. ఇలాంటి కొడుకుని ఇచ్చాక ఇంకా నౌపడలో ఒంటరిగా ఉండటం దేవుడి చిత్తం కాదని, నేటినుంచి అల్లుడింట్లోనే ఉంటానని ప్రకటించింది. కూటంలో సాక్ష్యంగా చెప్పిన మాట వెనక్కి తీసుకోవడమంటూ ఉండదు. అందరూ "ఆమెన్" అన్నారు. అందరి చూపూ తనమీదే ఉండటంతో కృపానిధి కూడా అన్నాడు.

విజయనగరంలో వాళ్ళ ఇంటికి కరెంటు లేదు. పంకా కారులోంచి దిగి సావిట్లో దేవమణి మంచం పక్కన చేరింది. నరసింగరావు చెయ్యి పడిపోయిందని చెప్పి మళ్ళీ ఆ ఛాయలకి రాలేదు, పిడి కృపానిధి చేతికొచ్చింది.

కృపానిధి కారు ఇప్పుడు ఏ కొండైనా ఎక్కుతుంది, కాకపోతే అత్తగారు నిద్ర లేచాకే.