పలక మీద పడని చుక్క

పెళ్లిరోజు ఉదయం ఎడ్విన్ పెట్టుకున్న పని ఒక్కటే: తొమ్మిదింటికల్లా, తమ ఇంట్లోనే ముస్తాబవుతున్న బావమరిది కూతురు గ్రేస్‌ను తన కారులో చర్చికి చేర్చడం.

పూర్వం మిషను ఆసుపత్రి నడిపిన దొర స్వదేశానికి వెళ్లిపోతూ అమ్మిన కారది. ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ బండి. ఎడ్విన్ చేతికి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. పోయినేడు దాన్ని చట్రం దాకా విప్పి, తుప్పు కోసి, మళ్లీ నిలబెట్టించాడు. ఆ తరువాత ఒక ప్రశ్న అతన్ని వదల్లేదు. తలుపులు కొత్తవి, సీట్లు కొత్తవి, రంగు కొత్తది. మరి ఇది అదే కారని దేన్నిబట్టి చెప్పడం? ఇంజను నుంచి బొట్టుబొట్టుగా కారే ఆయిలును బట్టి, అని తనకు తానే సమాధానం చెప్పుకున్నాడు. అదొక్కటే పాతది. అందుకే రోజూ రాత్రి ఇంజను కింద ఒక మార్కాపురం పలక పెట్టి, పొద్దున్నే దాని మీద చుక్కను చూశాకే నిశ్చింతగా కాఫీ తాగేవాడు.

ఆ రోజు పలక పొడిగా ఉంది.

చుక్క పడలేదంటే ఆయిలే లేదన్నమాట. ఆయిలు కొలిచే గేజి లాగి చూశాడు. ఆయిలు నిండుగా ఉంది. పైగా తేనెరంగులో, కొత్తది. తాను పోయలేదు. లేకపోవడం కంటే ఉండడమే అతన్ని ఎక్కువ కలవరపెట్టింది.

“ఎలీషబా, నిన్న నేను కనిగిరి పోయినప్పుడు కారు కాడికి ఎవరొచ్చినారు?”

ఇడ్లీ పాత్ర మూత తీస్తున్న భార్య ఆవిరి చాటున ముఖం తిప్పుకుంది. “పెండ్లిల్లు. ఎంతమందో వస్తారు, పోతారు. ఎవర్నని చూసేది?”

“ఆయిలు ఎవరు మార్చినారు?”

“చర్చి నుంచి వచ్చినాక మాట్లాడుకుందాం లెండి. ముందు గడ్డం గీసుకోండి.”

ఎడ్విన్ మెకానిక్ కాశయ్యకు ఫోన్ చేశాడు. “బండికి ఏమన్నా చేసినావా కాశయ్యా?”

“అమ్మ ఏమని చెప్పింది సారూ?”

“నేనడిగేది నిన్ను.”

“అమ్మ ఏం చెప్తే అదే సారూ,” అని కాశయ్య పెట్టేశాడు.

అప్పుడే శ్యాంసన్ వచ్చాడు. ఎలీషబా తమ్ముడు, పెళ్లికూతురి తండ్రి. కొత్త బొలెరో కొన్నప్పటి నుంచి కూతురు అందులోనే చర్చికి పోవాలని అతని కోరిక. గ్రేస్ ఒప్పుకోలేదు. ఆ కుటుంబంలో పెళ్లికూతుళ్లందరూ మామ కారులోనే వెళ్లారు. తానూ అంతే అంది.

“ఏంది బావా, మొరాయించిందా? మా బొలెరోకు పూలు కట్టే ఉన్నాయి. దిగులు పడొద్దు.”

ఎడ్విన్ దిగులు పడలేదు, అర్థం చేసుకున్నాడు. పూలు ముందే కట్టాడంటే, కారు కదలదని ముందే తెలుసన్నమాట. ఆయిల్లో ఏదో కలిపాడు. అక్క తమ్ముణ్ణి కాస్తోంది. కాశయ్య అమ్ముడుపోయాడు.

నిజం తేలాలంటే పరీక్షించాలి. కుళాయి దగ్గరున్న నల్లటి తొట్టిని ఈడ్చుకొచ్చి కారు కింద పెట్టి, డ్రెయిన్ నట్టు విప్పాడు. ఆయిలంతా దిగింది. పుల్లతో కలిపి చూస్తే తెల్లని నురగ తేలింది.

“సబ్బు!” అని అరిచాడు. చుట్టాలు ఇడ్లీ ప్లేట్లతోనే పరుగెత్తుకొచ్చారు. “కన్నకూతురు నడిరోడ్డు మీద నిలబడినా పర్లేదా శ్యాంసనూ, నీ బండే నెగ్గాల్నా? ఇంజన్లో సబ్బునీళ్లు పోసినావే!”

“నేనా? నాకు ఆ బండి బానెట్ ఎట్ల తెరవాల్నో గూడ తెలీదు బావా!”

“చేసినోళ్లంతా ఇట్లనే అంటారు!”

ఎలీషబా తొట్టిలోకి తొంగిచూసి నెత్తిన చేయి పెట్టుకుంది. “అయ్యో దేవుడా! గిన్నెలు నానేసేదానికి నేను సబ్బు కలిపి పెట్టుకున్న తొట్టి ఇది. సగం నీళ్లున్నాయి, కనపళ్లేదా?”

“మరి కొత్త ఆయిలు?”

“మన చుట్టాలమ్మాయి సుప్రియ పెండ్లిలో ఆ పిల్ల కారు దిగంగానే తెల్లచీర అంచుకు మీ ఆయిలు అంటలా? ఫోటోలన్నిట్లో నల్ల మరకే. గ్రేసుకన్నా అట్ల కాకూడదని, నిన్న మీరు లేనప్పుడు కాశయ్యతో ఆయిలు కారకుండా సీలు మార్పించినా. ఆయిలు గూడ ఆయనే గుంటూరు నుంచి తెప్పించి పోసినాడు. చర్చి కాడ చెప్పి మిమ్మల్ని సంతోషపెడదామనుకున్నా.”

ఎడ్విన్ చేతిలోని పుల్ల వంక చూశాడు. సందేహానికి రుజువు దొరకకపోతే తానే తయారు చేసుకుంటుందని ఆ క్షణంలో అతనికి బోధపడింది. కాని ఆ జ్ఞానంతో ఇంజను నడవదు. ఆ పాత ఇంజనుకు కావలసినంత చిక్కటి ఆయిలు ఊళ్లో దొరకదు. ఆరాధనకు ఇంకా అరగంటే ఉంది.

తెల్లచీరలో, మేలిముసుగుతో గ్రేస్ గుమ్మంలోకి వచ్చింది. అంతా విన్నది. “నేను ఆ కార్లోనే కూచుంటా మామా. అది పోతే పోతా. లేకుంటే పెండ్లికొడుకునే ఇక్కడికి రమ్మను.”

“శ్యాంసనూ…” అని ఎడ్విన్ ఆగిపోయాడు.

శ్యాంసన్ తన బండి దగ్గరికి నడిచాడు. బొలెరోలోంచి లావుపాటి తాడు తీసి, ఒక కొనను దాని వెనక, రెండో కొనను కారు ముందు కట్టాడు. బొలెరో పూలు విప్పి కారుకు చుట్టాడు. అప్పుడు నోరు తెరిచాడు.

“స్టీరింగన్నా పట్టుకుంటావా బావా? దాంట్లో గూడ ఏమన్నా కలిపినానని అనుమానమా?”

ఎడ్విన్ తల వంచుకొని కూర్చున్నాడు. గ్రేస్ పక్కన కూర్చుంది. బండ్లు కదిలేముందు ఎలీషబా ప్రార్థన చేసింది. తాడు కోసం ప్రత్యేకంగా ఒక వాక్యం చేర్చింది.

పొగ లేదు, చప్పుడు లేదు. చర్చి మెట్ల దగ్గర గ్రేస్ దిగింది; చీర అంచు తెల్లగానే ఉంది. ఎదురొచ్చిన పాస్టరుగారు గడియారం చూసుకొని ఆశ్చర్యపోయారు. ఆ కారు ఒక పెళ్లికూతురిని దారిలో ఎక్కడా ఆగకుండా చర్చికి చేర్చడం అదే మొదటిసారి.