ముందర వదులు, వెనక బిగుతు

ఆ ఆదివారం పొద్దున ప్రమీల అనుకున్న పని చాలా చిన్నది. కూర పొయ్యి మీద పెట్టాలి. అది ఉడికేలోపు బ్లాగులో ఒక కొత్త నవల గురించి నాలుగు మంచి మాటలు రాయాలి. ఆ తర్వాత భర్త యేసయ్యతో, అత్తగారు రూతమ్మతో కలిసి చర్చికి వెళ్లాలి. ఒక పెద్దాయన చేత అన్నం మాన్పించడంగానీ, కోదాడలో మైకు ముందు నిలబడి జాకెట్టు కొలతలు చెప్పడంగానీ ఆమె ఆలోచనలో లేవు.

ప్రమీల మోతె హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. సూర్యాపేట నుంచి రోజూ బస్సులో పోయి వస్తూ పుస్తకాలు చదువుతుంది. నచ్చినవాటి గురించి ఆరేళ్లుగా ‘ప్రమీల పుస్తకాల అర’ అనే బ్లాగులో రాస్తోంది. పుస్తకాన్ని బాల్కనీలో బంతిపూల కుండీ పక్కన నిలబెట్టి, టీ కప్పు, రెండు బిస్కెట్లు అమర్చి ఫోటో తీయడం ఆమె పద్ధతి. వెలుతురు సరిగ్గా పడేలోపు అందులో ఒక బిస్కెట్ తినేయడం యేసయ్య పద్ధతి. పాఠకులు ఎంతమందని ఎవరైనా అడిగితే, "సగం మంది మా చుట్టాలు. మిగతా సగం వాళ్ల పుస్తకం గురించి ఎప్పుడు రాస్తనా అని సూసే రచయితలు" అని ఆమే నవ్వుతూ చెప్పేది. చుట్టాలు చదవకుండా లైక్ కొట్టేవాళ్లు. రచయితలు తమ పేరు లేదని చూసుకుని, కొట్టకుండా వెళ్లిపోయేవాళ్లు.

నచ్చని పుస్తకం జోలికి ఆమె ఎన్నడూ పోలేదు. నచ్చిన పుస్తకం దొరికితే మాత్రం చేయి ఆగేది కాదు. ‘గుండెను తడిమింది’, ‘కళ్లు చెమర్చాయి’ అన్న మాటలు వాటంతటవే వచ్చి పడేవి. ఒకసారి తన పాత పోస్టులన్నీ వరసగా చదువుకుంటే, ఆరేళ్లలో తన కళ్లు చెమర్చని నెల ఒక్కటీ కనిపించలేదు. కంటి డాక్టరుకు చూపించుకుంటే మంచిదేమో అనిపించింది.

ఈసారి పుస్తకం ‘ఆఖరి తూము’. కాలువల శాఖలో పనిచేసి రిటైరైన గౌరయ్య అనే మిర్యాలగూడ పెద్దమనిషి రాసిన మొదటి నవల. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదలని ఏడాది, చిట్టచివరి తూము కింద పొలాలున్న ఒక ఊరి కథ. ఆయనే అచ్చు వేయించుకుని, ఆయనే కొరియర్ చేశాడు. ప్రమీలకు ఆ పుస్తకం నిజంగానే నచ్చింది. చదువుతూ చదువుతూ మోతెలో దిగడం మర్చిపోయి, పై ఊరికి పోయి, బడికి ఆలస్యంగా వచ్చి హెడ్మాస్టరు చేత మాట పడేంత నచ్చింది.

ఉల్లిగడ్డలు కోస్తూ టైప్ చేయడం కుదరదు కదా. ఫోన్ను వంటింటి గట్టు మీద పెట్టి, మైకు బొమ్మ నొక్కి, నోటితో చెప్పడం మొదలుపెట్టింది. గుండెను తడమడం, కళ్లు చెమర్చడం వగైరాలతో రెండు పేరాలు పూర్తయ్యాయి. ఉల్లిగడ్డల వల్ల కళ్లు నిజంగానే చెమర్చాయి కూడా. మూడో పేరాకు ముందు బియ్యం కడుగుదామని ఆమె నల్లా దగ్గరికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే రూతమ్మ త్రిపురారంలో ఉన్న చెల్లెలితో ఫోన్లో మాట్లాడుకుంటూ వచ్చి గట్టును ఆనుకుని నిలబడింది. టైలరు పాడుచేసిన తన కొత్త జాకెట్టు గురించి ఆమె పొద్దున లేచినప్పటి నుంచి మండిపడుతోంది. ఆమె గొంతు త్రిపురారానికి ఫోన్ లేకుండా కూడా వినబడుతుంది. బ్లాగు ఫోన్ దాన్ని శ్రద్ధగా విని రాసుకుంది.

"ఇంకెంతసేపు? ప్రార్థన షురూ అయితది!" అని యేసయ్య బయట నుంచి కేకేశాడు. ప్రమీల చెయ్యి తుడుచుకుని, ఆఖర్న ‘తప్పక చదవండి’ అని కలిపి, పోస్టు చేసి, ఫోన్ సైలెంటులో పెట్టి బ్యాగులో పడేసింది. రాసింది ఒకసారి చదివి చూసుకోవాలని తన విద్యార్థులకు ప్రతి పరీక్ష ముందూ చెప్పే టీచరు ఆమె.

చర్చి బయట చెట్టు కింద ఫోన్ తీసి చూసుకుని, పాత ఫోన్ కదా, పాడైందనుకుంది. జన్మలో ఎరగనన్ని లైకులు. ముక్కూముఖం తెలియని మనుషులు. ‘ఎట్టకేలకు నిజం చెప్పే విమర్శ!’ ‘అచ్చమైన మన భాషలో!’ పోస్టు తెరిచింది. రెండు పేరాల పొగడ్త కింద ఇలా ఉంది:

‘ముందర ఏమో అంత వదులు ఎనకకు వచ్చేసరికి ఊపిరాడనంత బిగుతు నడుమ కుట్లన్ని ఊడుతున్నయ్ మంచి గుడ్డ చేతిల పెడితే ఖరాబు చేసిండు కండ్లు కనవడకపోతే మానుకోవాలె గని గిదేం పని నేనైతే మొత్తం ఇప్పి మొదటికెంచి మళ్ల కుట్టుమంట తప్పక చదవండి’

"అయ్యో దేవుడా," అంది ప్రమీల.

"ఆమెన్," అన్నాడు పక్కనే ఉన్న యేసయ్య అలవాటుగా.

ఇంతలో ఫోన్ మోగింది. "ప్రమీల గారేనాండీ? కోదాడ నుంచి ఉషారాణినండీ, మా పాఠకుల వేదికకి కార్యదర్శిని. ఏం రాశారండీ బాబూ! ముందర వదులు, వెనక బిగుతు... నవల నిర్మాణమంతా ఒక్క ముక్కలో తేల్చేశారు!"

"అది నవల గురించి కాదు మేడం..."

"తెలుసండీ. మొత్తం మన సాహిత్యం గురించే అన్నారు. నాకు అర్థమైంది. సాయంత్రం ఇక్కడ ఆ పుస్తకం మీదే సభ పెట్టుకున్నాం. మాట్లాడాల్సినాయనకి జ్వరం. మీరు రావాలి, అంతే. గౌరయ్య గారు కూడా వస్తున్నారు. ఎదురుగానే చెప్పండి!"

ఫోన్ పెట్టేసిందామె. ప్రమీల వెంటనే పోస్టు తీసేసింది. అంతటితో గొడవ ఆగిపోతుందనుకుంది. ఇంటికి చేరేసరికి ఆ పోస్టు ఫోటోలు ఊరంతా తిరుగుతున్నాయి. రచయిత మనుషులు బెదిరించి తీయించారని ఒకరు, ఆమెకు మేం అండగా ఉంటామని ఇంకొకరు. గౌరయ్యకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఉన్న సంగతి రాసేస్తానంటే రూతమ్మ ఒప్పుకోలేదు.

"నా జాకిట్ ముచ్చట ఊరందరికెందుకే? ఇజ్జత్ పోదా?"

అందుకని ప్రమీల గుంభనంగా ఇలా రాసింది: ‘పొద్దుటి పోస్టులో కొన్ని మాటలు మా అత్తమ్మవి. పొరపాటున కలిసిపోయాయి. క్షమించండి.’ మళ్లీ వెచ్చబెట్టిన కూర మాడిన వాసన వస్తోందని వంటింట్లోకి వెళ్లి వచ్చేలోపు జవాబులు వరస కట్టాయి. ‘ఇంత గొప్ప విమర్శకురాలిని ఇంట్లో పెట్టుకుని ఆరేళ్లు మీరే రాశారా?’ ‘ఇకనుంచి అత్తగారి చేతే రాయించండి.’ ఒకాయన ఇంకా సూటిగా అడిగాడు: ‘మీ పొగడ్తలు తీసేసి అత్తగారి భాగం మాత్రమే మళ్లీ పెట్టగలరా?’

ఆ రాసిన ఆయన ప్రమీల సొంత చిన్నాన్న.

"గీ కంప్యూటర్ల కాయిదాల మీద అయ్యేది గాదు గని, పోయి ఆయన కాళ్లు పట్టుకుందాం పా," అంది రూతమ్మ. "నేనే చెప్త. నా నోటితో అన్నదాయె." యేసయ్య కారు తీశాడు. ఆమె ఎక్కుతుంటే చూస్తే, అదే జాకెట్టు వేసుకుని ఉంది. "గుడ్డ దండగ చేసుకోవాల్నా మరి?" అందామె.

మిర్యాలగూడలో రైస్ మిల్లుల వీధి దాటాక గౌరయ్య ఇల్లు దొరికింది. తలుపు తీసినావిడ ఆయన భార్య జానకి. ప్రమీల పేరు వినగానే ఆమె ముఖంలో నవ్వూ లేదు, కోపమూ లేదు.

"లోపలికి రాన్రి. ఆయన లేడు. పొద్దుగాల ఫోన్ల మీరు రాసింది సదివిండు. గప్పటిసంది నోట్లె మెతుకు పెట్టలె. ఎర్ర పెన్ను పట్టుకొని సొంత పుస్తకం మీదనే కొట్టుడు షురూ జేసిండు. పేజీలకు పేజీలు కొట్టేసిండమ్మా. గంట కిందనే కోదాడ బస్సెక్కిండు. గా ఫోన్ ఇంట్లనే మరిచిండు."

ఇంతసేపూ ప్రమీల భయపడింది ఆయన తిడతాడని. తిట్టకుండా నమ్ముతాడని ఊహించలేదు.

"మీరేమనుకోకున్రి," అంది జానకి మెల్లగా. "ఉన్నదే రాసిన్రు కావచ్చు. నాకు సదువు రాదు. గని ఆయన ఏండ్లకేండ్లు కూసొని రాసిండు."

హుజూర్‌నగర్ మీదుగా కోదాడ దారి పట్టారు. యేసయ్య కారు నడుపుతూ, "ఇగ నుంచి బిస్కెట్ల ఫోటోలు పెట్టి ఊకో, రాసుడు బంద్ చెయ్," అన్నాడు. ప్రమీలకు ఆ సలహాలో తప్పేమీ కనబడలేదు.

సభ ఒక పెళ్లిళ్ల హాలు మేడ మీద. కుర్చీలు నిండి, గోడల వెంట కూడా జనం నిలబడ్డారు. పుస్తకాల సభకు అంతమంది వచ్చినందుకు ఉషారాణి ముఖం వెలిగిపోతోంది. ముందు వరసలో ఒక చివర తెల్లచొక్కా వేసుకున్న సన్నటి మనిషి ఒళ్లో పుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. పుస్తకం అంచుల్లోంచి ఎర్ర సిరా కనబడుతోంది. ప్రమీల ఆయన వైపు నడవబోయేలోపే ఉషారాణి ఆమె చేయి పట్టుకుని మైకు ముందు నిలబెట్టేసింది.

"అందరూ క్షమించాలి," అంది ప్రమీల. "ఆ మాటలు ఈ నవల గురించి అన్నవి కావు. మా అత్తమ్మ జాకెట్టు గురించి అన్నవి. ఫోన్లో మైకు బంద్ చెయ్యకపోవడం నా తప్పు."

హాలంతా చప్పట్లు. "విన్నారా!" అంది ఉషారాణి సభ వైపు తిరిగి. "నవలని జాకెట్టుతో పోల్చారు. ఎంత కొత్త పోలికండీ!"

"పోలిక గాదమ్మా, నిజం జాకిట్టే!" రూతమ్మ లేచి నిలబడింది. కొంగు వెనక్కి నెట్టి రెండు చేతులూ చాచింది. ఒక చెయ్యి మోచేతి దాకా ఉంది, రెండోది జబ్బ దగ్గరే ఆగిపోయింది. "సూడున్రి. గిట్ల కుట్టిండు మా టైలరు. గాయన్ని తిట్టిన. గీ పెద్దమనిషెవరో నాకు తెల్వనే తెల్వదు."

నవ్వులతో హాలు ఊగిపోయింది. ఉషారాణి కూర్చుంది. నవ్వనిది గౌరయ్య ఒక్కడే.

"అంటే, నా పుస్తకం గురించి కాదా?" అన్నాడు. ఆ గొంతులో ఊరట కంటే నిరాశే ఎక్కువ వినబడింది. "నిజమే అనుకున్న మేడం. మొదటి అధ్యాయాలు వదులని నాకు గూడ అనుమానముండె."

"నేను రాసిన మొదటి రెండు పేరాలు చదవలేదా అండీ? నాకెంత నచ్చిందో రాసిన."

"సదివిన. గసొంటివి అందరు రాస్తరు. గుండె తడిమింది అంటరు. ఏ పేజీల తడిమిందో ఒక్కలు చెప్పరు. నిజంగ సదివి ఉంటె చెప్తుండె గద అనుకున్న."

ప్రమీలకు ఆరేళ్ల పోస్టులన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. ఎవరూ తనవి చదవరని చెప్పి నవ్వించేది కదా. ఎందుకు చదవరో ఒక పెద్దాయన అందరి ముందూ, ఏ కోపమూ లేకుండా చెప్పేశాడు. ఆమె మైకు పక్కకు జరిపి, ఆయన వైపే తిరిగి మాట్లాడింది.

"కాలువ ఎండినంక ఒక ముసలామె బట్టల మూట నెత్తిన పెట్టుకుని వస్తది. నీళ్లు లేవని ఆమెకు ఎరుకే. అయినా రోజూ ఉతికే బండ కాడికే పోతది. మూట ఇప్పుతది. ఒక్కొక్క బట్ట తీసి బండ మీద పరుస్తది. కొంచెంసేపు సూస్తది. మళ్ల మడత పెట్టుకొని, మూట కట్టుకొని ఇంటికి పోతది. ఎవలతోని ఏమనదు. ఆ పేజీ చదివి నేను దిగాల్సిన ఊరు దాటిపోయిన."

గౌరయ్య ఒళ్లో పుస్తకం తెరిచి, పేజీలు తిప్పి, ఒకచోట ఆగాడు. ఆ పేజీ మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్ర గీత ఉంది.

"గిది పొద్దుగాలనే కొట్టేసిన," అన్నాడు. "కథ ముంగటికి నడుస్తలేదు గద, వదులైంది అనుకున్న. ఆమె మా పెద్దక్క మేడం. నిజంగనే గట్ల జేసింది." జేబులోంచి పెన్ను తీసి, కొట్టివేత పక్కన ‘ఉంచాలె’ అని రాసి, దాన్ని తనే రెండుసార్లు చదువుకున్నాడు. ఆ తర్వాత సభవాళ్లు పెట్టిన ఉప్మా రెండు ప్లేట్లు తిన్నాడు.

వెళ్లేముందు రూతమ్మకు ఒక కొత్త ప్రతి ఇచ్చి, "తిట్టేదుంటె తిట్టు అక్కా. మొహమాటం వద్దు," అన్నాడు.

ఆ వారమంతా ఆ ఇంట్లో అన్నం ఆలస్యమైంది. బడి రోజుల్లో వంట చేసే రూతమ్మ లావు కళ్లద్దాలు పెట్టుకుని, వేలితో వరస వరస దిద్దుకుంటూ చదివింది. మధ్యలో రెండు రోజులు త్రిపురారానికి ఫోన్ కూడా చేయలేదు. కోదాడ నుంచి ఉషారాణి రోజూ ఫోన్ చేసి, "అమ్మగారు ఏమన్నారండీ?" అని అడిగేది. శనివారం సాయంత్రం పుస్తకం మూసి, కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "మంచిగుంది," అంది రూతమ్మ. ఇంకేమైనా చెప్పమంటే, "మంచిగుంటె మంచిగుందనే అంటరు, ఇంకేమంటరు?" అని లేచి వెళ్లిపోయింది.

ప్రమీల ఆ ఒక్క మాటే బ్లాగులో పెట్టింది. ఈసారి పెట్టే ముందు మూడుసార్లు చదివి చూసుకుంది. ఆమె ఆరేళ్లుగా పేరాలకు పేరాలు రాసి చెబుతున్నది కూడా ఆ మాటే. అయితే రూతమ్మంతటి మనిషి మంచిగుందన్నదంటే ఉత్తదై ఉండదని జనం నమ్మారు. నెల తిరిగేసరికి గౌరయ్య ఇంట్లో ప్రతులు మిగల్లేదు. కృతజ్ఞతలు చెప్పడానికి ఆయన ఫోన్ చేసి, ప్రమీల ఎత్తగానే, "జర అక్కకియ్యున్రి," అన్నాడు.

ఇప్పుడు బ్లాగు పాఠకులంతా రూతమ్మ పాఠకులే. ప్రమీల దగ్గర మిగిలింది పాస్‌వర్డ్ ఒక్కటే.