తలుపుకు లేని కొమ్ము

మందుల కొట్టు నడిపే ఆయనకు లోకంలో ఒక్కదాని మీదే నమ్మకం. చీటీ మీద. చీటీ లేని సీసా విషంతో సమానమని ఆయన సిద్ధాంతం. పెళ్లాం మీద చీటీ లేదు కాబట్టి ఆమె మాట మీద నమ్మకం లేదు.

అంతటి ఆయన కూతురు ఒకటో తరగతిలో అక్షరాల దగ్గర చతికిలపడింది. నెలాఖరున టీచరు గారు ఇంటికొచ్చి చదివించి చూస్తానన్నారు. చదవలేకపోతే మళ్లీ ఒకటో తరగతే. స్నేహితురాళ్లంతా పక్క గదిలోకి పోతే తానొక్కతే ఇక్కడ మిగులుతానని పాపకు తెలుసు. ఆ మాట వస్తే చాలు, జడ కొస నోట్లో పెట్టుకునేది.

"చీటీలు అంటిస్తే సరి," అన్నాడాయన.

"పాపకా?" అంది భార్య.

"వస్తువులకి. రోజూ కంటపడితే అదే వస్తుంది."

"నేను రోజూ కంటపడుతున్నాను. మీకేం వచ్చింది?"

ఒక్క పూటలో ఇల్లు కొట్టయింది. కుర్చీ మీద 'కుర్చీ', అద్దం మీద 'అద్దం'. పిల్లి మీద 'పిల్లి' అని అంటించబోతే అది ఆయన చేతి మీద తన రాత రాసి గోడ దూకింది.

వారం తిరక్కుండా పాప గడగడా చెప్పేసింది. "కుర్చీ, అద్దం, తలుపు, ఉప్పు, పంచదార."

"చూశావా?" అన్నాడాయన, మీసం లేని చోట మెలేస్తూ.

"చూశాను. అదీ చూసే చెబుతోంది. చీటీని కాదు, వస్తువుని."

"నీకు కుళ్లు."

"అవునండీ. కుర్చీని చూస్తే ఒళ్లు మండిపోతోంది."

ఆదివారం పొద్దున ఆమె దుప్పటి తియ్యకుండానే, "టీ మీరే పెట్టుకోండి, చీటీలున్నాయిగా," అంది.

ఆయన దర్జాగా పెట్టుకున్నాడు. ఒక్క గుక్క తాగి కిటికీలోంచి బయటికి ఉమ్మేశాడు.

"సొట్ట డబ్బాలోది ఉప్పు కదా నాన్నా," అంది పాప.

"పంచదార అని రాసుందే."

"రాస్తే?" పాప డబ్బా దగ్గరికొచ్చి వింతగా చూసింది. "ఇక్కడ పంచదార అని ఉందా?"

టీలోని ఉప్పు కంటే ఆ ప్రశ్న గట్టిగా తగిలింది. పిల్లకు ఒక్క ముక్క రాదు.

"చీటీలు మార్చింది నువ్వేనా?"

"నేనే," అంది దుప్పటి. "నోటితో చెబితే నమ్మరుగా."

చీటీ అబద్ధమాడుతుందని తెలిశాక పాపకు దాని మీద మోజు పుట్టింది. తల్లి రోజూ కొన్ని తారుమారు చేసేది. పాప అక్షరాల కింద వేలు పెట్టి, కూడబలుక్కుని, అబద్ధాన్ని పట్టుకునేది. తండ్రి టిఫిన్ డబ్బా మీద 'సబ్బు' కనిపించిన రోజు నేల మీద పడి దొర్లింది.

"చీటీలతో పరాచికాలా?" అని ఆయన విసుక్కున్నాడు. టీచరు గారు వచ్చే రోజున అన్నిటినీ తెచ్చి వాటి చోట అంటించాడు.

"చదువమ్మా," అన్నారు టీచరు గారు.

"కు... ర్చీ. అ... ద్దం."

గడగడా పోయే పిల్ల నత్తలా పోతుంటే ఆయనకు చెమటలు పట్టాయి. పాప తలుపు దగ్గర ఆగింది.

"త... ల... పు. తలపు."

"తలుపు తల్లీ. మొన్నటిదాకా బాగానే చెప్పేదానివి."

"కాదు నాన్నా. తలపు."

జడ కొస నోట్లోకి పోయింది. కళ్లు నిండాయి. వేలు మాత్రం చీటీ మీంచి కదల్లేదు.

టీచరు గారు కళ్లజోడు పెట్టుకుని వంగి చూశారు. "తలపు అనే ఉందండీ," అన్నారు.



"మొన్నటిదాకా చెప్పింది," అంది భార్య. "ఇవాళ చదివింది."

"రెండో తరగతిలో కూర్చోబెడతాను," అని టీచరు గారు పాప తల నిమిరి వెళ్లిపోయారు.

"నీకు ముందే తెలుసా?" అన్నాడాయన గొంతు తగ్గించి.

"అంటించిన రోజే చూశాను. ఇంట్లో కొమ్ములన్నీ మీకే ఉన్నాయిగా, తలుపుకు మిగల్లేదేమో అనుకున్నాను."

ఆయన జేబులోంచి పెన్ను తీసి, ఎవరి మొహమూ చూడకుండా తలుపు దగ్గరికి నడిచాడు. చీటీ ముందు కాసేపు తటపటాయించాడు.

"పు-కి ఉంది నాన్నా," అంది పాప వెనకనుంచి. "ల-కి పెట్టు."