గుంత మీద సభ్యుడు గారి విధానం

సమస్యను పరిష్కరించడం ఏ మేస్త్రీ అయినా చేయగలడు. దాన్ని ఐదేళ్లపాటు చెక్కుచెదరకుండా కాపాడటమే పరిపాలన. ఈ సంగతి మా గేటు ముందు కాలువ మీది బండ విరిగినప్పుడు నాకు తెలిసివచ్చింది.

మా అత్తయ్యకు డెబ్బై ఎనిమిదేళ్లు, చేతికర్ర లేనిదే అడుగు వేయలేరు. ఎదురింట్లో ఆవిడ చెల్లెలు. బండ పోయి గుంత పడ్డాక ఇద్దరూ చెరో గేటు దగ్గర కుర్చీ వేసుకుని అరుచుకుంటూ కబుర్లాడేవారు. (మా ఇంటి గుట్లన్నీ వీధికి తెలిశాయి, నా వంటతో సహా.)

మా వార్డు ఎన్నికల్లో నిలబడ్డ ఫొటో స్టూడియో ఆయన గుంత పక్కన ఫొటో దిగి, "ఈ బండ వేయించకపోతే నా పేరు మార్చుకుంటా పెద్దమ్మా!" అన్నారు. భారీ మెజారిటీతో గెలిచారు.

నెల ఆగి అత్తయ్య అడిగారు. "ఏం నాయనా, బండ ఎప్పుడు?"

"ఇప్పుడు వేయకూడదు పెద్దమ్మా. అది నా విధానమైపోయింది."

నగర మండలిలో హామీల పరిరక్షణాధికారి అని ఒకాయన ఉన్నారు. సభ్యుడు ఏ సమస్య మీద గెలిచాడో అది పదవీకాలమంతా ఆయన పేరనే ఉంటుందని, పూడ్చేస్తే ఆయన ఎందుకు గెలిచాడో చెప్పడానికి ఆధారం మిగలదని ఓపిగ్గా వివరించారు. గుంత చుట్టూ పసుపు రంగు వేయించారు. నేను పాత తలుపు చెక్క ఒకటి అడ్డం వేస్తే మర్నాడే నోటీసు వచ్చింది: "హామీని అనుమతి లేకుండా నెరవేర్చిన నేరం."

ఒళ్లు మండి, ఓడిపోయిన మందుల షాపు ఆవిడ దగ్గరికి వెళ్లాను. ఆవిడ నిజంగానే నొచ్చుకున్నారు. "అది ఆయన గుంత అక్కా, నేను వేలు పెడితే బాగోదు. మీ పెరటి వైపు నాకొకటి చూపించండి."

నాలుగో ఏడు చిన్నత్తయ్య మంచాన పడ్డారు. అరుపులు ఆగిపోయాయి. అత్తయ్య మాత్రం సాయంత్రం కాగానే గేటు దగ్గర కూర్చునేవారు. ఎత్తుకెళ్తామంటే, "నేనేమన్నా బియ్యం బస్తానా?" అని కసిరేవారు.

మళ్లీ పోలింగ్ వచ్చింది. సభ్యుడు గారి మనుషులు నలుగురు అత్తయ్యను మోయడానికి, ఒకడు ఓటర్ల జాబితా పట్టుకోవడానికి వచ్చారు. ఈసారి అత్తయ్య కిక్కురుమనలేదు. తల దువ్వుకుని, ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. గుంత దాటించారు, ఓటు వేయించారు. తిరిగి వస్తూ అత్తయ్య అన్నారు: "ఒక్క నిమిషం మా చెల్లెలి గుమ్మం ముందు దించండి నాయనా. దాన్ని చూడాలి."

జాబితా పట్టుకున్నవాడు రెండుసార్లు వెతికాడు. "కుదరదు పెద్దమ్మా, అటువైపు పక్క వార్డు."

అత్తయ్యను మా గేటు లోపల, తీసుకెళ్లిన చోటే, భద్రంగా దించి వెళ్లారు.