బైండరు గారు బిగించిన మోటారు

కిటికీల దాకా వరద వచ్చిపోయిన మూడో ఏడు. వానలు ఇంకా మొదలు కాలేదు. ఒక ఉదయం బైండరు గారు సెల్లార్‌లోకి దిగి, మూల గుంటలోని పాత మోటారును పైకి లాగారు. నేలలోంచి ఊరే నీళ్లను బయటికి ఎత్తిపోయడం దాని పని. నెల రోజులుగా అది మూలగడమే గాని ఎత్తడం లేదు. గోడ వారగా బల్లల మీద బడి వాళ్ల రిజిస్టర్లు మూడు వందలు, అట్టలు వేసి సిద్ధంగా ఉన్నాయి. మధ్యాహ్నం గుమాస్తా వస్తాడు. ఈలోగా తడిస్తే ఆరు వారాల పనీ, పరువూ నీళ్లపాలే.

"ఆ ప్లంబరును పిలవరాదూ!" అంది భార్య మెట్ల మీంచి.

"వెయ్యి పేజీలు కుట్టే చేతికి నాలుగు బోల్టులు ఒక లెక్కా?"

గుంటలో బురద తోడారు. ఇటుక మీద కొత్త మోటారు నిలబెట్టారు. ఎత్తిన నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వును, దాని మీది బాణం పైకి చూసేలా బిగించారు. నీళ్లు పెరిగితే తేలి, స్విచ్చి వేసే బంతి గోడకు తగలకుండా చూశారు. అంతా ఒప్పుగానే చేశారు. మోటారు వచ్చిన అట్టపెట్టెను మాత్రం, లోపలి కాగితం చదవకుండానే, కిటికీలోంచి రెండిళ్ల మధ్య సందులోకి విసిరేశారు. ఎత్తుతుందో లేదో చూడ్డానికి పెరటి కొళాయి గొట్టం గుంటలో పెట్టి తిప్పారు. మోటారు ఝుమ్మంది. నీళ్లు సందులో పడ్డాయి. ఆ ఊపులో పక్కింటి బావమరిదికి చెప్పడానికి పరుగెత్తారు.

బావమరిదిది బేకరీ. సెల్లార్ నిండా మైదా బస్తాలు.

"బావా, కిందకి నీళ్లొచ్చేస్తున్నాయి!"

"వాన లేదు కదరా!"

"అదే కదా నా భయం!"

"మోటారు వేసుకో. నేనున్నాగా."

తిరిగొచ్చేసరికి తన సెల్లార్‌లోనూ పిక్కల లోతు నీళ్లు. "ఊట లేచింది!" అని తేల్చేశారు బైండరు గారు. "వరదకు ముందు అచ్చం ఇలాగే లేచింది!" ఎంత ధీమాగా అన్నారంటే వీధంతా నమ్మింది. పక్కవాళ్లు వరసగా నిలబడి రిజిస్టర్లు చేతులు మార్చి అరుగు మీదికి చేర్చారు. రెండు మోటార్లూ పోటీపడి ఎత్తిపోశాయి. చుక్క తగ్గలేదు.

భార్య దిగి నీళ్లలో చెయ్యి పెట్టి చూసింది.

"ఏమండీ, ఊటలో మైదాపిండి ఎందుకుందండీ?"

ఆమె సందులోకి వెళ్లి, కాలువ మూతికి అడ్డంపడి నానిపోయిన అట్టపెట్టెను ఈడ్చిపారేసింది. పెరట్లోకి వెళ్లి కొళాయి కట్టేసింది.

"అక్కా, అంటే ఇందాకట్నుంచీ బావ పోసిన నీళ్లు నేనూ, నేను పోసినవి బావా..." అన్నాడు బావమరిది, తన గుమ్మంలోంచి వస్తూ.

"తోడుకుంటున్నారు. మధ్యలో కొళాయి కొసరు వేస్తోంది."

నీళ్లు ఇలా తీశాయో లేదో గుమాస్తా దిగాడు. అరుగు మీద రిజిస్టర్లు, చుట్టూ మనుషులు చూసి నోరు తెరిచాడు.

"ఇన్నేళ్లలో మొదటిసారండీ, నేను తిరక్కుండా సరుకు గుమ్మంలో ఉండటం! వచ్చే ఏడు పని కూడా మీకే."

"మాటంటే మాటే," అన్నారు బైండరు గారు, తడిసిన పంచె పిండుకుంటూ.

ఆ పోటీలో బావమరిది మోటారు కాలిపోయింది. మర్నాడు ఉదయం ప్లంబరు వచ్చి కొత్తది బిగిస్తుంటే, బైండరు గారు వెళ్లి పక్కన నిలబడి, ఎలా బిగించాలో మొదటి నుంచీ చివరిదాకా చెప్పారు.